పేషెంట్ లేని ప్రశ్నపత్రం: నర్సింగ్ పేపర్ సెట్టర్లకు, ఎగ్జామినర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మేడమ్‌లకు, సార్లకు నమస్కారం.

నేను బీఎస్సీ నర్సింగ్ చివరి సెమిస్టర్ చదువుతున్నాను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో నర్సింగ్ ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి, ప్రాక్టికల్స్‌కు ఎక్స్‌టర్నల్స్‌గా (బయటి కాలేజీల ఎగ్జామినర్లుగా) వచ్చేవారికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రిన్సిపాళ్లకో మంత్రులకో కాకుండా మీకే ఎందుకంటే, మా చదువును అసలు నడిపించేది మీరే. సిలబస్‌లో ఏమున్నా, క్లాసులో మేడమ్ ఎంత బాగా చెప్పినా, పరీక్షకు వారం ముందు మేము తిరగేసేది పాత పేపర్లనే. మీరు ఏది అడిగితే అదే మాకు చదువు.

అడల్ట్ హెల్త్ నర్సింగ్ పేపర్లలో పది మార్కుల ప్రశ్న సాధారణంగా ఈ తీరులో ఉంటుంది: రాము గారు, వయసు 55, సీఓపీడీతో (ఊపిరితిత్తుల గాలి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) మెడికల్ వార్డులో చేరారు. సీఓపీడీని నిర్వచించండి, కారణాలు రాయండి, పాథోఫిజియాలజీ (జబ్బు వల్ల శరీరం లోపల ఏం మారుతుందో) వివరించండి, నర్సింగ్ మేనేజ్‌మెంట్ చర్చించండి.

ఇందులోంచి రాము గారిని తీసేసి చూడండి. జవాబులో ఒక్క అక్షరం మారదు. ఆయన ఎన్నేళ్లుగా బీడీ తాగుతున్నారో, రాత్రి వెల్లకిలా పడుకోగలుగుతున్నారో లేదో, రక్తంలో ఆక్సిజన్ శాతం (సాచురేషన్) ఎంతుందో మాకు అక్కర్లేదు. జబ్బు పేరు మీరే చెప్పేశారు కాబట్టి ఆలోచించాల్సిన పని కూడా లేదు. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సవరించిన సిలబస్‌లో మా సబ్జెక్టు పేరులోనే 'ఇంటిగ్రేటెడ్ పాథోఫిజియాలజీ' అని చేర్చారు. పది మార్కుల ప్రశ్న సిచ్యుయేషన్ రూపంలో అడగొచ్చని కూడా అందులో ఉంది. పేపర్లోకి వచ్చేసరికి ఆ సిచ్యుయేషన్ కాస్తా కూరలో కరివేపాకు అయిపోయింది. విద్యార్థి దాన్ని పక్కకు తీసి, కింద ఉన్న నాలుగు బిట్లకు కంఠతా వచ్చింది రాసేస్తుంది.

అదే రాము గారి గురించి ఇలా అడిగితే? ఆయాసం పెరిగిందని ఆయనకు మాస్క్‌తో నిమిషానికి 10 లీటర్ల ఆక్సిజన్ పెట్టారు. గంట తర్వాత సాచురేషన్ 98 చూపిస్తోంది. కానీ మనిషి మగతగా ఉన్నారు, రెండుసార్లు పిలిస్తే గానీ పలకడం లేదు. సాచురేషన్ పెరిగాక ఇలా ఎందుకయ్యారు? ఇప్పుడు ముందు ఏం చూస్తారు, డాక్టరుకు ఏమని చెబుతారు? ఈ జవాబుకు నిర్వచనం పనికిరాదు. ఊపిరితిత్తుల్లో గాలి బయటికి పోలేక ఎలా చిక్కుకుంటుందో, కార్బన్ డయాక్సైడ్ ఎలా పేరుకుంటుందో, ఇలాంటి పేషెంట్లకు సాచురేషన్ 88 నుంచి 92 మధ్య ఉంటే చాలని ఎందుకంటారో తెలిసుండాలి. పల్స్ ఆక్సీమీటర్ ఆక్సిజన్‌నే చూపిస్తుందని, కార్బన్ డయాక్సైడ్‌ను చూపించదని గుర్తుండాలి.

ప్రస్తుతం మాకు పాథోఫిజియాలజీ అంటే బాణాల బొమ్మ. పై గడిలో 'కారణాలు', కింది గడిలో 'లక్షణాలు', మధ్యలో 'ఇన్‌ఫ్లమేషన్', 'టిష్యూ డ్యామేజ్', 'అవయవం పనితీరు తగ్గుట'. న్యుమోనియాకు గీసిన బొమ్మనే కొంచెం సవరించి పెప్టిక్ అల్సర్‌కూ వాడేయొచ్చు, మార్కులు పడతాయి. మా హాస్టల్లో దీనిమీద బోలెడు జోకులున్నాయి. పాథాలజీ సార్ కణం దగ్గర ఆగిపోతారు, నర్సింగ్ మేడమ్ మేనేజ్‌మెంట్‌తో మొదలుపెడతారు. రెండింటికీ మధ్య ఉన్న ఖాళీని ఆ బాణాలతో మేమే పూడ్చుకుంటాం.

ఆ ఖాళీ వల్ల వార్డులో ఏం జరుగుతుందో చెప్పడానికి డెంగీని తీసుకుంటాను. వానాకాలం పోస్టింగుల్లో మేము ఎక్కువగా చూసేది అదే. పరీక్ష కోసం మేము నేర్చుకునే డెంగీ అర పేజీ: ఏడిస్ దోమ, జ్వరం, ఒళ్లు నొప్పులు, ప్లేట్‌లెట్లు తగ్గడం, నీళ్లు నిల్వ ఉండకుండా చూడటం. వార్డులో ఇంటివాళ్లందరి నోటా ప్లేట్‌లెట్ కౌంటే. ఒకరు బొప్పాయి ఆకు రసం తెస్తారు, ఒకరు కివీ పళ్లు తెస్తారు. తెల్లకోటు వేసుకున్న మేమూ ఆ అంకె కోసమే రిపోర్టు తిరగేస్తాం.

డెంగీలో అసలు గండం జ్వరం దిగేటప్పుడు మొదలవుతుంది. మూడో రోజుకు, ఏడో రోజుకు మధ్య జ్వరం తగ్గే సమయంలో కొంతమందికి సన్నటి రక్తనాళాల గోడలు లీకవుతాయి. రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, బయటికి జారి పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది కాబట్టి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతుంది. శరీరం ఊరుకోదు. కాళ్లూ చేతుల వైపు వెళ్లే నాళాలను బిగించి బీపీని నిలబెట్టాలని చూస్తుంది. దాంతో బీపీలో పై అంకె కొంతసేపు పెద్దగా పడిపోదు, కింది అంకె మాత్రం పైకి వస్తుంది. అరచేతులు, పాదాలు చల్లబడతాయి. మనిషి స్పృహలోనే ఉంటాడు, అడిగినదానికి జవాబు చెబుతాడు, కొద్దిగా చికాకుగా ఉంటాడేమో అంతే.

ఇప్పుడు ఈ పేషెంట్ చార్టు ఊహించుకోండి. నిన్న బీపీ 110/70. ఇవాళ పొద్దున 104/80. మధ్యాహ్నం 100/84. విడివిడిగా చూస్తే ఇందులో భయపడాల్సిన అంకె కనిపించదు. రెండు అంకెల మధ్య తేడా (పల్స్ ప్రెషర్) చూడండి: నిన్న 40, పొద్దున 24, ఇప్పుడు 16. ఈ తేడా 20కి దిగిందంటే షాక్ మొదలైందని అనుమానించాలి. జ్వరం తగ్గిందని తల్లి దేవుడికి దండం పెట్టుకుంటున్న సమయం అది. చార్టులో 'అఫెబ్రైల్, వైటల్స్ స్టేబుల్' (జ్వరం లేదు, నాడి, బీపీ లాంటివి నిలకడగా ఉన్నాయి) అని రాసి తర్వాతి బెడ్ దగ్గరికి వెళ్లిపోయే స్టూడెంట్‌కు బీపీ చూడటం రాదని ఎవరూ అనలేరు. ఆమె బీపీ సరిగ్గానే చూసింది. ఆ రెండు అంకెల తేడాకు అర్థం ఏమిటని నాలుగేళ్లలో ఆమెను ఎవరూ పరీక్షించలేదు.

మలుపు ఇంకొకటి ఉంది. ఈ లీకు సాధారణంగా ఒకటి రెండు రోజులే. తర్వాత బయటికి పోయిన ద్రవం తిరిగి నాళాల్లోకి వస్తుంది. ఆ దశలోనూ సెలైన్ నిన్నటి వేగంతోనే ఎక్కిస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. అంటే ఏ సెలైన్ నిన్న ప్రాణం నిలబెట్టిందో అదే ఇవాళ ప్రాణం మీదికి తెస్తుంది. 'ఐవీ ఫ్లూయిడ్స్ ఇవ్వాలి' అని మేనేజ్‌మెంట్‌లో రాస్తే మీరు అర మార్కు వేస్తారు. ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు తగ్గించాలి, ఏ గుర్తులు చూసి డాక్టరును అడగాలి అని రాయడానికి పేపర్లో చోటే లేదు.

నిజానికి డెంగీ మీద ప్రశ్న తయారుచేయడం చాలా తేలిక. నాలుగో రోజు పేషెంట్ వివరాలు ఇచ్చి, తర్వాతి 24 గంటల్లో దేనికోసం ఎదురుచూస్తారని మొదట అడగండి. తర్వాత ఐదో రోజు బీపీ, హెమటోక్రిట్, యూరిన్ అవుట్‌పుట్ ఇచ్చి, శరీరంలో ఏం జరుగుతోందో చెప్పమనండి. చివరగా ఏడో రోజు కొత్తగా ఆయాసం మొదలైందని చెప్పి, ముందు ఏ పని చేస్తారని అడగండి. ఒకే పేషెంట్, మూడు రోజులు, పది మార్కులు. బట్టీ పట్టినవాళ్లకు ఇందులో దోమ గురించి రాసే అవకాశం కూడా దొరకదు.

గుంటూరు, వరంగల్ వైపు పత్తి, మిర్చి పండే ఊళ్ల ఆసుపత్రుల్లో పోస్టింగ్ చేసినవాళ్లకు పురుగుమందు కేసులు బాగా తెలుసు. ఆర్గానోఫాస్ఫరస్ మందు ఒంట్లోకి వెళ్తే, నరాల సంకేతాలు మోసే ఎసిటైల్‌కోలిన్‌ను విడగొట్టే ఎంజైమ్ పనిచేయదు. ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి నోట్లో చొంగ, ఊపిరితిత్తుల్లో నీరులాంటి స్రావాలు, చిన్నబడిన కంటిపాపలు, నెమ్మదించిన నాడి కనిపిస్తాయి. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ వీటిని అదుపు చేస్తుంది. ఇంతవరకు ప్రతి స్టూడెంట్ రాయగలదు. రెండో రోజో మూడో రోజో, చొంగ ఆగిపోయి అందరూ గండం గడిచిందనుకునేటప్పుడు, ఆ మనిషి దిండు మీంచి తల ఎత్తలేకపోతాడు. మెడ కండరాలు ముందు బలహీనపడతాయి, ఆ తర్వాత శ్వాస కండరాలు. అట్రోపిన్ గ్రంథుల్లో, గుండెలో ఉండే మస్కరినిక్ రిసెప్టర్ల దగ్గర పనిచేస్తుంది గానీ నరం కండరాన్ని కలిసే చోట పనిచేయదు. ఈ ఒక్క సంగతి అర్థమైన స్టూడెంట్ డ్యూటీ ఎక్కగానే 'అన్నా, ఒకసారి తల పైకి లేపు' అని అడుగుతుంది. అర్థం కానిది కంటిపాపల సైజు రాసుకుని వెళ్లిపోతుంది. తల ఎత్తించి చూడటానికి పరికరం అక్కర్లేదు, డబ్బు ఖర్చు కాదు. కావాల్సింది ఎందుకు అడగాలో తెలియడమే.

శ్వాస లెక్క గురించి మొహమాటం లేకుండా ఒక మాట. ఏ వార్డులోనైనా టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్) చార్టులు తిప్పి చూడండి. చాలామందికి రెస్పిరేషన్ 20, లేకపోతే 18. యువకుడికీ అంతే, ముసలాయనకూ అంతే. నిమిషంపాటు లెక్కపెట్టాలని మాకు మొదటి సెమిస్టర్‌లోనే నేర్పారు, ప్రొసీజర్ రికార్డులో రాయించారు కూడా. కానీ ఒంట్లో ఏదైనా తేడా వచ్చినప్పుడు చాలాసార్లు బీపీ పడిపోవడానికి ముందే మారేది ఈ అంకె అని ఎవరూ మా చేత ఆలోచింపజేయలేదు. షుగర్ పేషెంట్ కడుపునొప్పి, వాంతులతో వస్తే గ్యాస్ అనుకుంటారు. రక్తంలో పెరిగిన ఆమ్లాన్ని వదిలించుకోవడానికి అతను లోతుగా, వేగంగా ఊపిరి తీస్తుంటాడు. లెక్కపెట్టినవాళ్లకు 32 కనిపిస్తుంది. లెక్కపెట్టనివాళ్లు 20 వేస్తారు. డయాబెటిక్ కీటోఅసిడోసిస్ అనే ఈ స్థితి పాథోఫిజియాలజీ బాణాలతో సహా రాసి, ఎనిమిది మార్కులు తెచ్చుకుని, వార్డులో 20 వేసేవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. ఇది బద్ధకం అని మాత్రమే తీసిపారేయకండి. చదివిన పాఠం ఒకచోట, చూసిన పేషెంట్ ఇంకోచోట ఉండిపోతే జరిగేది ఇదే.

మీ వైపు నుంచి రాగల అభ్యంతరాలు నేను ఊహించగలను. మొదటిది, రోగ నిర్ధారణ డాక్టరు పని, నర్సుకు ఇంత లోతు ఎందుకని. మేము జబ్బు పేరు పెడతామని అనడం లేదు. రాత్రి రెండు గంటలకు వార్డులో పేషెంట్ పక్కన ఉండేది నర్సే. డ్యూటీ డాక్టరు క్యాజువాలిటీలో తలమునకలుగా ఉంటారు. ఫోన్‌లో 'సార్, పేషెంట్ కండిషన్ బాలేదు' అంటే ఆయన 'చూస్తున్నాను' అని పెట్టేస్తారు. 'సార్, డెంగీ ఐదో రోజు, సాయంత్రం నుంచి జ్వరం లేదు, పల్స్ ప్రెషర్ 16, చేతులు చల్లగా ఉన్నాయి, నాలుగు గంటలుగా యూరిన్ రాలేదు' అంటే పరిగెత్తుకుని వస్తారు. ఆ రెండో వాక్యం చెప్పగలగడం నర్సు పనే కదా. దాన్ని పరీక్షలో అడగకపోతే ఎక్కడ నేర్చుకోవాలి?

రెండో అభ్యంతరం మార్కుల గురించి. ఇలాంటి జవాబులు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి, వేల పేపర్లు దిద్దేటప్పుడు సమానంగా మార్కులు వేయడం కష్టం. ఇది నిజమైన ఇబ్బందే, దీన్ని తేలిగ్గా తీసుకోను. అయితే డెంగీ ప్రశ్నలో పల్స్ ప్రెషర్ తగ్గిందని గుర్తించినందుకు ఇన్ని, అది ప్లాస్మా లీకేజీ వల్ల అని చెప్పినందుకు ఇన్ని, సరైన మొదటి పని రాసినందుకు ఇన్ని అని కీ ఇవ్వొచ్చు. నాలుగు పేజీలు నిండాయా లేదా అని కొలిచే ఇప్పటి పద్ధతి కంటే అది అన్యాయంగా ఏమీ ఉండదు.

ప్రాక్టికల్స్ సంగతికి వస్తే, ఎక్స్‌టర్నల్ వచ్చే రోజు మా టెన్షన్ అంతా ట్రే చుట్టూ తిరుగుతుంది. కిడ్నీ ట్రే ఎటుపక్క పెట్టాలి, మాకింటోష్ (రబ్బరు షీటు) మర్చిపోయామా, కాటన్ స్వాబ్స్ ఎన్ని. శుభ్రత, క్రమం అవసరమే, కాదనను. కానీ కేర్ ప్లాన్‌లో రాసే పేషెంట్ సమస్యలు చూడండి: అక్యూట్ పెయిన్, యాంగ్జైటీ, నాలెడ్జ్ డెఫిసిట్. హెర్నియా పేషెంట్‌కూ ఇవే, హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్‌కూ ఇవే. సీనియర్ల రికార్డులు చేతులు మారుతూ వస్తుంటాయి, బెడ్ నంబరు, పేరు మాత్రం మారతాయి. ఇది మీకు తెలియదని నేననుకోను, మీరూ ఒకప్పుడు ఈ రికార్డులు రాసినవాళ్లే. సిమ్యులేషన్ ల్యాబ్ గురించి ఎక్కువ చెప్పను. బొమ్మల మీద కవర్లు ఇన్‌స్పెక్షన్ రోజు తీసి, మర్నాడు మళ్లీ కప్పే కాలేజీలు ఉన్నాయి.

మీరు వచ్చినప్పుడు పొటాషియం నార్మల్ వాల్యూ అడగకండి. అది గోడ మీద చార్టులోనే ఉంటుంది. మాకు ఇచ్చిన పేషెంట్ దగ్గర నిలబెట్టి, 'ఈయన గురించి నీకు ఇవాళ ఎక్కువ భయం దేనికి? ఎందుకు? అది జరిగితే ముందు ఏ గుర్తు కనిపిస్తుంది?' అని అడగండి. మూడు నిమిషాలు మాట్లాడనివ్వండి. నేను పొటాషియం గురించి చెప్పాల్సి వస్తే, ఇన్సులిన్ డ్రిప్ మీద ఉన్న పేషెంట్‌కు అది కణాల్లోకి వెళ్లి రక్తంలో పడిపోతుందని, అందుకే గుండె మానిటర్ వైపు, చేతుల్లో నీరసం వైపు చూస్తున్నానని అప్పుడు చెప్పగలుగుతాను.

ఇంకొకటి. ఆ మూడు నిమిషాలు తెలుగులో మాట్లాడనివ్వండి. మాలో చాలామంది పల్లెల నుంచి తెలుగు మీడియంలో వచ్చారు. ఇంగ్లీషులో చెప్పమంటే పుస్తకంలో వాక్యం గుర్తు చేసుకోవడానికే బుర్రంతా ఖర్చవుతుంది, ఆలోచన మిగలదు. పేషెంట్ మాతో మాట్లాడేది తెలుగులోనే. 'గుండె దడగా ఉందమ్మా', 'ఒళ్లంతా చల్లబడిపోతోంది' అన్న మాటలను పట్టుకోవడమే మా పని. టర్మ్స్ ఇంగ్లీషులో ఉండనివ్వండి, వాటిని కలిపే 'ఎందుకంటే' తెలుగులో ఉంటే తప్పేమిటి?

అమెరికా వెళ్లడానికి ఎన్‌క్లెక్స్ అనే లైసెన్స్ పరీక్ష రాసే మా సీనియర్ అక్కలు ఒక తమాషా చెబుతుంటారు. 2023 ఏప్రిల్ నుంచి ఆ పరీక్షలో కేస్ స్టడీలు పెట్టారు. ఏ గుర్తులు ముఖ్యం, వాటి అర్థం ఏమిటి, ఏది ముందు చూడాలి, ఏం చేయాలి, చేశాక ఫలితం వచ్చిందా అని ఒకే పేషెంట్ మీద వరుసగా అడుగుతారు. దానికోసం మన డిగ్రీ పట్టా చేతిలో పెట్టుకుని మళ్లీ కోచింగ్‌కు డబ్బు కట్టి నేర్చుకుంటున్నారు. ఇక్కడే జిల్లా ఆసుపత్రిలోనో సామాజిక ఆరోగ్య కేంద్రంలోనో పనిచేసే నర్సుకు మాత్రం అది అక్కర్లేదా? విదేశీ పేషెంట్ కోసం ఆలోచించడం నేర్చుకోవాలి, సొంత ఊరి పేషెంట్‌కు ట్రే సర్దితే చాలు అన్నట్టుంది.

టీచర్ల మీద నేను ఫిర్యాదు చేయడం లేదు. ఒక ట్యూటర్ మేడమ్ వెనక వార్డులో ఎంతమంది స్టూడెంట్లు తిరుగుతుంటారో మీకు తెలుసు. అయినా బెడ్ పక్కన ఆగి 'ఎందుకో చెప్పు' అని అడిగే మేడమ్‌లు ఉన్నారు. అలాంటివారి క్లాసులో మేము ఎంత ఇష్టంగా కూర్చున్నా, పరీక్షలు దగ్గర పడగానే వారి నోట్సు మూసి క్వశ్చన్ బ్యాంకు తెరుస్తాం. వారి శ్రమను వృథా చేస్తున్నది మీ పేపరే.

పేపరంతా ఒక్కసారిగా మార్చమని అడగడం లేదు. అడల్ట్ హెల్త్ నర్సింగ్ రెండు పేపర్లలోనూ పది మార్కుల ప్రశ్నల్లో ఒకదాన్ని నిజమైన సిచ్యుయేషన్‌గా ఇవ్వండి. జబ్బు పేరు ముందే చెప్పకుండా, లేదా చెప్పినా ఆ పేషెంట్ వివరాలు లేకుండా జవాబు రాయడం కుదరని విధంగా ఇవ్వండి. ప్రాక్టికల్ మార్కుల్లో కొన్ని బెడ్ పక్కన మాట్లాడించడానికి కేటాయించండి. చైల్డ్ హెల్త్, ఓబీజీ (ప్రసూతి, స్త్రీ వ్యాధులు) పేపర్ల సంగతి తర్వాత చూడొచ్చు.

మా బ్యాచ్‌కు ఇది ఎలాగూ అందదు, ఈ సెమిస్టర్‌తో మేము బయటికి వెళ్తాం. మూడో సెమిస్టర్‌లో ఉన్న జూనియర్ల కోసం అడుగుతున్నాను. మార్చాలని నిర్ణయిస్తే నాలుగైదు మోడల్ ప్రశ్నలు, వాటి కీ కనీసం ఒక సెమిస్టర్ ముందే అన్ని కాలేజీలకు పంపండి. చెప్పాపెట్టకుండా పరీక్ష రోజు పెడితే ముందు ఫెయిలయ్యేది చిన్న ఊళ్ల కాలేజీల పిల్లలే, మరుసటి ఏడాది మీరు మళ్లీ పాత పద్ధతికి వెళ్లిపోతారు.

ఇట్లు,
బీఎస్సీ నర్సింగ్ ఎనిమిదో సెమిస్టర్ విద్యార్థిని